బండ మీద మా అభ్యంతరాలు

ఫిల్మ్ నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు దక్షిణాన ఒక పెద్ద బండ ఉండేది. మూడో అంతస్తులో నా పడకగది కిటికీ తెరిస్తే కనిపించేది అదే. దాని మీద నాలుగైదు సీతాఫలం చెట్లు, ఎండాకాలం రాగానే తెల్లబడిపోయే గడ్డి, ఎప్పుడో ఎవరో పాట చిత్రీకరణ కోసం కట్టి వదిలేసిన సిమెంటు మెట్లు. ఆ మెట్లు ఎక్కడికీ పోవు. ఇరవై ఏళ్లకు పైగా ఆ బండను చూస్తూనే పొద్దుటి కాఫీ తాగాను. దాని మీద నాకు ప్రేమ ఉండేదని చెప్పలేను. అది ఉండేది, నేనూ ఉండేదాన్ని.

ఒకరోజు పేపర్లో చిన్న అక్షరాలతో ప్రకటన వచ్చింది. ఆ స్థలాన్ని బహుళ అంతస్తుల నివాసాలకు అనువుగా మార్చబోతున్నారనీ, అభ్యంతరాలు ఉన్నవాళ్లు రాతపూర్వకంగా తెలపవచ్చనీ, తర్వాత విచారణ జరుగుతుందనీ దాని సారాంశం. నేను పేపరు చదవను. మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి దాన్ని కత్తిరించి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఏలూరు దగ్గరి మనిషి. ఎవరితోనైనా మర్యాదగానే మాట్లాడతారు, కానీ చేతిలో కాగితం ఉంటే ఆ మర్యాదకు తొందర తోడవుతుంది.

"ఐదు టవర్లంటండీ. మన నెత్తి మీదే. అభ్యంతరాలు నేను రాస్తాను. విచారణ రోజు మీరు చదవాలి."

"నేనెందుకండీ?"

"భలేవారే. మీ గొంతు వింటే సగం పని అయిపోయినట్టే కదండీ."

నా వృత్తి డబ్బింగ్. మొదట్లో కథానాయికలకు చెప్పాను, తర్వాత వదినలకు, ఇప్పుడు అత్తలకూ డాక్టరమ్మలకూ చెబుతున్నాను. మధ్యమధ్యలో ప్రకటనలు. ఎవరో రాసిచ్చిన మాటలు ఎవరి పెదవులకో సరిపోయేలా చెప్పడం నాకు అలవాటే. అందుకే ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం సెల్లారులో మీటింగు పెట్టారు. కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అందరం కూర్చున్నాం. ఎండ రాదన్నారు, గాలి ఆడదన్నారు. ఇరుకు రోడ్డు మీద అన్ని కార్లు పట్టవన్నారు. బండను పేలిస్తే మన గోడలు బీటలు వారతాయన్నారు. పై అంతస్తు ఆవిడ, టవర్లలోంచి చూస్తే తన బాల్కనీ మొత్తం కనిపిస్తుందని బాధపడింది. కార్యదర్శి అన్నీ రాసుకున్నారు. నా అభ్యంతరం ఏమిటని అడిగితే చప్పుడు అన్నాను. మనసులో ఉన్నది మాత్రం కిటికీ. అది అభ్యంతరం కింద రాయించుకునేంత పెద్ద సంగతి కాదనిపించి ఊరుకున్నాను.

విచారణకు నాలుగు రోజుల ముందు, పొద్దున్నే అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడి, కార్యదర్శి రాసిచ్చిన అభ్యంతరాల కాగితం పైకి చదువుకుంటున్నాను. మా మెట్లు తుడిచే అమ్మాయి పని ఆపి వింటోంది. ఆమె కోసం వచ్చిన మామగారు గేటు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. బండ వారనే, షేక్‌పేట వైపు పల్లంలో ఉన్న బస్తీలో వాళ్ల ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, వేళ్లన్నీ గుండ్రాళ్లలా గట్టిపడి ఉంటాయి. నేను చదవడం ముగించాక ఆయన లేచి వచ్చాడు.

"అమ్మా, అంత మంచిగనే ఉంది. నీళ్ల ముచ్చట రాయలేదేంది?"

"నీళ్లేంటి?"

"జర నాతోని రా. సూపిస్త."

వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ బండ ఎక్కడం అదే మొదటిసారి. ఆయన చెప్పుల్లేకుండా చకచకా ఎక్కేశాడు, నేను సీతాఫలం కొమ్మలు పట్టుకుని ఎక్కాను. పైన బండ నడిమధ్య జానెడు లోతు గాడి ఉంది. వాన నీరు ఏళ్ల తరబడి కోసుకున్న దారి. అది కిందికి దిగి, మా ప్రహరీ గోడ మూల దగ్గర ఆగిపోయింది.

"గీ బండ మీద పడ్డ నీళ్లన్నీ గీ తోవనే దిగుతయి. మీ బిల్డింగు కట్టినప్పుడు గీ దిక్కు బండ కొట్టింది నేనే. జర తోవ ఇడువుర్రి అని గప్పుడే చెప్పిన. ఎవలు ఇనలే. గోడ పెట్టిన్రు. గప్పటిసంది నీళ్లు మలుపుకొని మా ఇండ్లల్లకు వస్తున్నయి. ఇప్పుడు ఈ పక్క గూడ మూసిండ్రనుకో, ఇగ మా బస్తీ మొత్తం మునుగుడే."

మా భవనం ఎవరు కట్టారో, దానికి రాయి ఎవరు కొట్టారో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆయన మాటల్లో నిష్ఠూరం కూడా లేదు. పైపు ఎక్కడ కారుతోందో చూపించే ప్లంబరులా చూపించాడు, అంతే.

సాయంత్రం కార్యదర్శితో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అది బస్తీవాళ్ల సమస్యండీ. మనదానితో కలిపితే మన కేసు పలచబడిపోతుంది."

"ఉన్న సంగతే కదండీ?"

"ఉన్నదే. కానీ ఆ దారికి అడ్డం ఉన్నది మన గోడ కదా. మన వేలితో మన కంట్లోనే పొడుచుకుందామా చెప్పండి?"

నేను వాదించలేదు. వాదించడం నా స్వభావం కాదు. కాగితంలో ఆ వాక్యం చేరలేదు.

విచారణ ఒక ప్రభుత్వ కార్యాలయం పై అంతస్తులో జరిగింది. పొడవాటి గది, చివర బల్ల, బల్ల వెనక అధికారి. ఒకవైపు మేము, ఒకవైపు నిర్మాణ సంస్థ తరఫు వాళ్లు. బస్తీ నుంచి పదిమంది దాకా వచ్చి గోడవారన నిలబడ్డారు. పెద్దాయన కూడా వాళ్లలో ఉన్నాడు. ముందుగా సంస్థ తరఫున టై కట్టుకున్న ఒకాయన లేచి, "సార్, ఒక చిన్న ప్రెజెంటేషన్," అని తెర మీద వీడియో వేశాడు.

మబ్బులు కనిపించాయి. మబ్బుల్లోంచి ఐదు టవర్లు లేచాయి. అప్పుడు ఒక ఆడగొంతు, నింపాదిగా, వెచ్చగా వినిపించింది.

"కొండ మీద ఒక ఇల్లు. కోలాహలానికి దూరంగా, ఆకాశానికి దగ్గరగా. ఇక్కడ ప్రతి ఉదయం మీదే."

ఆ గొంతు నాదే.

కొన్ని నెలల క్రితం ఒక స్టూడియోలో అరగంటలో చెప్పి వచ్చేసిన మాటలవి. వాళ్లిచ్చిన కాగితంలో ఊరూ పేరూ లేవు. 'మీదే' దగ్గర కొంచెం నవ్వు వినపడాలి అంటే, నవ్వు కలిపి మళ్లీ చెప్పాను కూడా. ఆ నవ్వు ఇప్పుడు గదిలో అందరికీ వినపడింది. మా వాళ్లు మొదట తెర వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. పై అంతస్తు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కార్యదర్శి మాత్రం చేతిలోని ఫైలు వైపే చూస్తూ కూర్చున్నారు. నా చెవులు వేడెక్కాయి. సిగ్గుపడ్డాననే అనుకుంటాను. దాంతోపాటు, రెండో వాక్యంలో ఊపిరి వినపడింది, ఇంకొక టేకు చెప్పాల్సింది అనే ఆలోచన కూడా వచ్చింది. ఇది చెప్పుకోదగ్గ విషయం కాదు గానీ, నిజం.

తర్వాత నన్ను పిలిచారు. లేచి చదివాను. ఎండ, గాలి, రోడ్డు, బీటలు. మొదటి వాక్యానికే ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి నవ్వలేదు. నేను చదివినంతసేపూ రాసుకుని, తలెత్తారు.

"మేడం, ఆ వీడియోలో వాయిస్ మీదేనా?"

"నాదేనండీ."

"మరి నేను దేన్ని నమ్మాలి?"

"అది వాళ్లు రాసిచ్చింది. ఈ స్థలం గురించని అప్పుడు నాకు తెలీదు."

"ఇది?"

"ఇదీ... మా సంఘం రాసిచ్చిందే."

ఈసారి రెండువైపులా నవ్వారు. అధికారి పెన్ను పక్కన పెట్టారు. "సరే, మీ సొంతంగా చెప్పేది ఏమన్నా ఉందా?"

రాసిచ్చిన మాటలు లేకుండా మైకు ముందు నిలబడి నాకు అలవాటు లేదు. ఏ గొంతుతో మాట్లాడాలో తెలియక చేతిలో కాగితం మడిచాను. తర్వాత, బండ మీద వాన నీటికి ఒక దారి ఉందనీ, టవర్లు లేస్తే అది మూసుకుపోతుందనీ, కింద బస్తీ మునుగుతుందనీ చెప్పాను. ఆ దారిని సగం మూసింది మా గోడేననీ చెప్పాను. గొంతు సన్నగా, గరగరగా వచ్చింది. మధ్యలో ఒక మాట తడబడ్డాను కూడా. వెనక నుంచి కార్యదర్శి, "మేడమ్ గారూ," అన్నారు మెల్లగా. నేను తిరిగి చూడలేదు.

"నాకంటే ఆ పెద్దాయనకు బాగా తెలుసండీ," అని గోడవార వైపు చూపించాను.

పెద్దాయన వచ్చి మైకుకు మూరెడు దూరంలో నిలబడ్డాడు. బండ ఎక్కడ మెత్తన, ఎక్కడ గట్టి, నీళ్లు ఎటునుంచి ఎటు దిగుతాయి అన్నీ చేతులతో గాలిలో గీసి చూపించాడు. అధికారి ఒక నక్షా తెప్పించి ముందు పరిచారు. పెద్దాయన దాన్ని తలకిందులు చేసి, "గిట్ల పెట్టుర్రి సారు, గిప్పుడు సక్కగుంది," అని వేలు పెట్టి చూపించాడు. టై కట్టుకున్నాయన కూడా వంగి చూశాడు.

కిందికి దిగాక కార్యదర్శి నాతో ఒకే మాట అన్నారు. "మీరు మా తరఫున చదవడానికి వచ్చారండీ." ఆయన కోపానికి కారణం ఉంది. నేను క్షమించమని అడగలేదు, సమర్థించుకోనూ లేదు. ఆయన కారులో కాకుండా ఆటోలో ఇంటికి వచ్చాను.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. మేము రాసిన అభ్యంతరాలు దాదాపు అన్నీ తోసిపుచ్చారు. టవర్లు కట్టుకోవచ్చు. కాకపోతే నీటి దారి వదిలి, దానికి రాతి కాలువ కట్టాలి. మా ప్రహరీ గోడ మూల పగలగొట్టాలి. ఉత్తర్వులోని ఆ ముక్కను నోటీసు బోర్డుకు అంటించింది కార్యదర్శే. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, నాలుగు మూలలా టేపు అతికించారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన నాతో మాట్లాడలేదు. సంఘం మీటింగులకు కబురు రావడం కూడా ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, దానివల్ల నాకు ఆదివారాలు మిగిలాయి.

బండను పగలగొట్టడం ఆర్నెల్లు సాగింది. మధ్యాహ్నం ఈల ఊదేవాళ్లు, తర్వాత నేల కదిలేది. నా స్నానాలగది గోడలో సన్నటి బీట పడింది. సీతాఫలం చెట్లు ఎప్పుడు పోయాయో గమనించలేదు. ఒకరోజు కిటికీ తెరిస్తే సిమెంటు స్తంభాలు కనిపించాయి.

ఆ ఏడు మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు, మెట్లు తుడిచే అమ్మాయి రాలేదు. ఏమైందో చూద్దామని బస్తీకి దిగాను. కొత్తగా కట్టిన రాతి కాలువ నిండా ఎర్రనీళ్లు పరుగెడుతున్నాయి. ఇళ్లలోకి మాత్రం రాలేదు, చివరన ఉన్న రెండింటిలోకి తప్ప. ఆ రెండింటిలో ఒకటి పెద్దాయనది. ఆయన గడప దగ్గర కూర్చుని రేకు ముక్కతో నీళ్లు బయటికి తోస్తున్నాడు.

"మీ ఇంట్లోకే వచ్చాయే?"

"మాది గుంతల ఉన్నది గదమ్మా. కాలువ గింత ఎత్తున కట్టిన్రు. నన్నడిగితే జర కిందికి కొట్టుమని చెప్తుంటి." ఆయన రేకు పక్కన పెట్టి, కాలువ వైపు చూశాడు. "అయినా మంచిగనే కట్టిన్రు. రాయి మంచిది."

కోడలు లోపలి నుంచి టీ తెచ్చింది. మంచం మీద పొడిగా ఉన్నవైపు నాకు చోటిచ్చారు. టీ తాగాక, ఆ రేకు అందుకుని నేనూ కాసేపు నీళ్లు తోశాను.