గంజి పెట్టిన బల్ల మీద పదిహేను బంతులు

ఆ రోజుల్లో మా గద్వాలలో వాదించుకోవడానికి ఏ సంగతైనా సరిపోయేది. దాన్ని కళ్లతో చూసి ఉండాలన్న పట్టింపు ఎవరికీ లేదు. సముద్రం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లు యుద్ధంలో ఓడలు ఎట్లా మునుగుతున్నాయో వివరంగా చెప్పేవాళ్లు. అట్లాగే బిలియర్డు బల్ల ఎరగనివాళ్లు, 'ఒకే సంచి' అనే ఆటలో జీతం తీసుకుని ఆడే ఆటగాళ్లలో ఎవరు గొప్ప అన్నదాని మీద రెండు వర్గాలుగా చీలిపోయి, చల్లారిపోయిన చాయ్ కూడా మరిచిపోయి అరుచుకునేవాళ్లు. ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవడు కంప్యూటరులోంచి ఒక పట్టీ తీసి నా ముందు పెట్టాడు. ఈ ఆటలో లోకంలోకెల్లా గొప్పవాళ్లట, పదిమంది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను (నేను బడి గడప తొక్కలేదు, అయినా చదువుతాను, చదివినదాన్ని అంత తొందరగా నమ్మను). అందులో గద్వాల లేదు, వనపర్తి లేదు. ఆ పట్టీ రాసిన పెద్దమనిషి ఒక్కసారైనా మా స్టేషనులో రైలు దిగి అడిగాడా? అడగనివాడికి రాసే హక్కు ఎవరిచ్చారు? అందుకని నేనే రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పచ్చబట్ట బిగించిన పెద్ద బల్ల, దానికి ఆరు చోట్ల వల సంచులు. మామూలు ఆటలో బంతి ఏ సంచిలో పడినా లెక్కకు వస్తుంది. ఇందులో మాత్రం బల్ల ఆ చివరనున్న రెండు మూలల్లో ఒక సంచి నాది, ఒక సంచి నీది, మిగిలిన నాలుగూ ఉన్నా లేనట్టే. పదిహేను ఎర్రబంతులు. తెల్లబంతితో కొట్టి తన సంచిలో ఎనిమిది ఎవరు ముందు వేసుకుంటే వాళ్లది గెలుపు. పొరపాటున ఎదుటివాడి సంచిలో పడిందా, అది అతని లెక్కలో చేరిపోతుంది. రైలు పని మీద వచ్చిన దొర ఎవరో ఈ ఆటను మా ఆఫీసర్ల క్లబ్బులో వదిలిపోయాడని చెప్పుకునేవాళ్లు. ఆఫీసర్లు సరదాకు ఆడేవాళ్లు, వాళ్లను నేను ఆటగాళ్లలో కలపను. వాళ్లకు నేర్పి, వాళ్లతో ఆడి, బంతులు తుడిచి, స్కోరు పలికి, ఆ కర్ర మీదనే ఇల్లు గడుపుకునేవాడు మార్కరు. మా మార్కరును ఊరంతా ఉస్తాద్ అనేది. వనపర్తి మార్కరు ఎడమచేత్తో కొడతాడు కాబట్టి ఆయన ఎక్కడికి పోయినా ఎడమచేతాయనే.

నేను నేతపని చేసే ఇంట్లో పుట్టినా నా ఉద్యోగం క్లబ్బులోనే. బల్లకు ఇస్త్రీ చేసేవాణ్ణి. నవ్వకండి. ఆ పచ్చబట్ట ఉన్నిది, దానికి సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగంతా ఒకే దిక్కుకు వాలకపోతే బంతి తాగినవాడిలా నడుస్తుంది. కుంచెతో దువ్వి, బొగ్గుల పెట్టె వేడి అరచేతితో చూసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపున లాగాలి. మధ్యలో ఆగితే మచ్చ. ఇరవై రెండేళ్ల వయసులో, కొత్తగా పెళ్లయినవాణ్ణి, ఆ పని నన్ను మించి చేసేవాడు నిజాం రాజ్యంలోనే లేడని నా నమ్మకం (ఇప్పటికీ ఆ నమ్మకం అట్లాగే ఉంది). ఇస్త్రీ అయ్యాక గోడకు ఆనుకుని ఆట చూసేవాణ్ణి. స్కోరు పలక మీదనే ఉర్దూ అంకెలు నేర్చుకున్నాను.

ఉస్తాద్ సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. గట్టిగా కొట్టగా నేను ఎన్నడూ చూడలేదు. తెల్లబంతిని అట్లా తాకించేవాడు, అది వెళ్లి ఎర్రబంతుల వెనక నక్కి కూర్చునేది. ఎదుటి ఆఫీసరు బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎటూ కొట్టే దారి లేక, మీసం సవరించుకుని నీళ్లడిగేవాడు. "కొట్టుడు ఏముంది బేటా, ఎవడైన కొడ్తడు. ఎదుటోన్ని కొట్టనియ్యకుంట కూసోబెట్టాలె. సబర్ కావాలె దీనికి, ఓపిక," అనేవాడు నాతో. నేను ఆ మాటను హోటలుకు మోసుకుపోయి నా మాటలా చెప్పేవాణ్ణి.

హోటలు నడిపేవాడు వనపర్తి నుంచి ఇల్లరికం వచ్చినవాడు. ఊరంతా అతన్ని అల్లుడనే పిలిచేది. నాకు వరసకు బావ. పాపం, తిండి గద్వాలది, గాలి గద్వాలది, నోరు మాత్రం వనపర్తిది. గల్లాపెట్టె పక్కన నిమ్మకాయలు పేర్చి, గరిటె కాడతో కొట్టి చూపించేవాడు.

"చూడు బామ్మర్ది, మా ఎడమచేతాయన గిట్ల కొట్టిండంటే, బంతి ఈ గోడకు తగిలి, ఆ గోడకు తగిలి, ఇంటికొచ్చిన బర్రె లెక్క సీదా సంచిలకు పోతది."

"నువ్వు చూసినవా బావా?"

"మా మేనమామ చూసిండు."

"మీ మేనమామకు పట్టపగలే కనపడదు గదనే!"

"మీ ఉస్తాదేమన్న ఆడుతడా? దాగుడుమూతలు ఆడినట్టు బంతిని దాస్తడు. దాసుడు గూడ ఒక ఆటనేనా?"

ఈ మాటతో నా ఒళ్లు మండింది. సంతకు వచ్చిన ఇటిక్యాల రైతులు, మల్దకల్ వాళ్లు, అందరూ చూస్తుండగా బెంచీ ఎక్కి పందెం కట్టాను. ఆ వచ్చే ఆదివారం వనపర్తి ఆఫీసర్లు మా క్లబ్బుకు విందుకు వస్తున్నారు, వెంట ఎడమచేతాయనను తెస్తున్నారు. మా ఉస్తాద్ ఓడితే అదే బెంచీ ఎక్కి "వనపర్తాయనే గొప్ప" అని మూడుసార్లు అంటాను. గెలిస్తే అల్లుడు తన అత్తవారి మనుషులందరి ముందు "గద్వాలాయనే గొప్ప" అని మూడుసార్లు అనాలి. "సరే" అన్నాడు అల్లుడు. ఆ సంగతి ఉస్తాద్‌కు చెబితే ఆయన బంతులు తుడుస్తూనే, "నీ నోటికి ఇస్త్రీ చెయ్యాలె ముందు," అన్నాడు.

ఇక్కడే నా బుర్ర పని చేసింది. యుద్ధం మూలాన కొత్త బట్ట ఇంగ్లాండు నుంచి రావడం ఆగిపోయింది. బల్ల మీది పాతబట్ట నూగు రాలి, వదులై, ముసలివాడి బుగ్గలా జారింది. వనపర్తి వాళ్లు చూసి నవ్వితే? పరువెవరిది? మా ఇంట్లో పడుగుకు గంజి పట్టిస్తే మెత్తటి నూలు కూడా తీగలా నిలబడటం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. గద్వాల చీరకు ఒప్పినది బల్లకు ఒప్పదా? ఆదివారం పొద్దున్నే మా ఆవిణ్ణి జొన్నగంజి కాచమన్నాను.

"ఎవరికి జరమొచ్చింది?" అంది ఆమె.

"జరం గాదు, బల్లకు."

"బల్లకు గంజేందయ్యా! దానికేమన్న పెండ్లి జేస్తున్నరా?"

"నీకు తెల్వదు, ఊకో. పల్సగ కాయి."

పల్చగానే కాచింది. గుడ్డలో వడకట్టి, నేత కుంచెతో బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు పట్టించి, పైన వేడి పెట్టె లాగాను. బట్ట బిగుసుకుంది. మెరిసింది. గోటితో కొడితే టక్కుమంది. అంత అందమైన బల్లను నేను మళ్లీ చూడలేదు. కిటికీల్లోంచి చూడడానికి మధ్యాహ్నానికే ఊరు చేరింది. ముందు వరసలో అల్లుడు, తువ్వాలు తలకు చుట్టుకుని, తనకే పెళ్లన్నట్టు నిలబడ్డాడు.

ఆట మొదలుపెట్టే వంతు ఉస్తాద్‌కు వచ్చింది. ఎప్పటిలాగే గుంపుగా ఉన్న ఎర్రబంతులను తెల్లబంతితో సుతారంగా తాకించాడు. రెండు బంతులు మెల్లగా తన సంచి వైపు జరగాలి, అంతే. ఏం జరిగిందంటే, గుంపంతా కోడిపిల్లల్లా చెల్లాచెదురై, ఒక ఎర్రబంతి ఆగను ఆగను అంటూ వెళ్లి ఎడమచేతాయన సంచిలో పడింది. మొదటి దెబ్బకే అతనికి ఒకటి! కిటికీలో అల్లుడు తువ్వాలు విప్పి ఊపాడు.

ఉస్తాద్ బల్ల మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ముక్కు దగ్గరకు తీసుకున్నాడు. తర్వాత గోడకు ఆనుకున్న నా వైపు చూశాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు, ఆట ఆగుతుంది, ఓటమి తప్పుతుంది, నన్ను ఆ పూటకే క్లబ్బు మెట్లు దింపుతారు. "ఏమైంది ఉస్తాద్?" అని అడిగాడు ఒక ఆఫీసరు.

"ఏం లేదు హుజూర్. బల్ల ఇయ్యాల జర జోరు మీదున్నది," అన్నాడు ఉస్తాద్.

ఎడమచేతాయన వంతు వచ్చింది. పొడుగ్గా, నల్లగా, మాట తక్కువ మనిషి. ఆయన తన అలవాటు కొద్దీ గట్టిగా కొట్టాడు. తెల్లబంతి బల్ల దాటి లేచి, తివాచీ మీద దొర్లి, ఒక లావుపాటి ఆఫీసరు కుర్చీ కిందికి దూరింది. బంతి తీయడానికి వంగిన ఆ ఆఫీసరును లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఎడమచేతాయన కూడా వేలు తడి చేసి బట్ట మీద రుద్ది చూశాడు. ఉస్తాద్‌ను చూశాడు. ఉస్తాద్ అతన్ని చూశాడు. ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ చెప్పలేదు.

ఆ తర్వాత జరిగిన ఆటను చూసినవాణ్ణి కనుక గర్వంగా చెబుతున్నాను. ముప్పై ఏళ్లు నేర్చినది ఆ బల్ల మీద ఇద్దరికీ పనికిరాలేదు. ఇద్దరూ మొదటి నుంచి నేర్చుకున్నారు, మా కళ్ల ముందే, రెండు గంటల్లో. ఎడమచేతాయన ఊపిరి పట్టి, పసిపాప బుగ్గ ముట్టుకున్నట్టు కొట్టడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ బంతిని బల్ల అంచులకు తగిలించి, ఒక గోడ, రెండు గోడలు, మూడు గోడలు తిప్పి వేగం చంపి, అలసిపోయిన బంతిని తన సంచిలోకి పిలుచుకున్నాడు. (మధ్యలో గంజి వాసనకు చీమలు వచ్చాయి. అవి బల్ల దాటేదాకా ఇద్దరూ కర్రలు దించి నిలబడ్డారు. అది కూడా ఆటలో పద్ధతి కాబోలని ఆఫీసర్లు తలలూపారు.) మూడూ రెండూ, అయిదూ నాలుగూ, ఏడూ ఆరూ, చివరికి ఏడూ ఏడూ. బల్ల మీద ఒకే ఎర్రబంతి. ఉస్తాద్ కొట్టాడు, బంతి అన్ని గోడలూ తిరిగి వచ్చి ఆయన సంచి పెదవి మీద ఆగి, లోపలికి తొంగి చూసి, పడకుండా ఉండిపోయింది. ఎడమచేతాయన దాన్ని అక్కడి నుంచి అడ్డంగా తన సంచికి నడిపించాడు. ఎనిమిది.

సాయంత్రం రైలుకు ఇంకా వేళ ఉందని మార్కర్లిద్దరూ చాయ్‌కి హోటలుకు వచ్చారు. అప్పటికే అల్లుడు బెంచీ తుడిచి పెట్టాడు.

"ఎక్కు బామ్మర్ది. మూడుసార్లు. గొంతు సాఫ్ చేసుకుంటవా, నీళ్లియ్యాల్నా?"

ఎక్కాను. "వనపర్తాయనే గొప్ప" అని ఒకసారి అన్నాను. రెండోసారి నాకు మాత్రమే వినబడేట్టు అన్నాను. మూడోసారి నోరు తెరిచాను గాని మాట రాలేదు, కళ్లలో నీళ్లు వచ్చాయి. అప్పుడు సాసరులో చాయ్ ఊదుకుంటున్న ఉస్తాద్ తల ఎత్తి, క్లబ్బులో స్కోరు పలికే గొంతుతో, "వనపర్తాయనే గొప్ప!" అన్నాడు.

ఎడమచేతాయన చాయ్ కింద పెట్టేశాడు. "గదెట్ల ఉస్తాద్? మొదటి బంతి నేను కొట్టింది గాదు, గంజి కొట్టింది. దాన్ని తీసెయ్, ఏడూ ఏడూ. ఆ మూడు గోడల దెబ్బ నాకు ఈ జన్మల రాదు. నువ్వే గొప్ప."

"అరె, నేను ముప్పయ్యేండ్లకు నేర్చిన మెత్తదనం నువ్వు గంటల పట్టినవ్. నువ్వే."

"కాదంటున్న గద!"

"నేను పెద్దోన్ని, చెప్తే ఇనాలె!"

రైలు కూత వినబడేదాకా ఇద్దరూ కొట్లాడుకున్నారు, ఒకరి కోసం ఒకరు. ఏళ్ల తరబడి అరిచిన మేము చాయ్ పట్టుకుని అటూ ఇటూ తలలు తిప్పుతూ చూశాం. అల్లుడు నిమ్మకాయలు ఏరి బుట్టలో వేసుకున్నాడు.

నాకు మాత్రం ఉస్తాద్ మీద పట్టరాని కోపం వచ్చింది. చేతికి అందిన ఏడూ ఏడూను ఎందుకు వదులుకోవాలి? నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇస్త్రీ చేసి, సలాం కూడా చెప్పకుండా వచ్చేసేవాణ్ణి. గంజి వదలాలని తడిగుడ్డతో ఆ బల్లను ఆయనే తుడుస్తుండగా అయిదో రోజు చూశాను. వెళ్లి రెండో గుడ్డ అందుకున్నాను. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆ ఇరవై రెండేళ్ల మూర్ఖుణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడి పక్కన నిలబడి ఇంకొంచెం సేపు బల్ల తుడవాలనీ అనిపిస్తుంది. ఎవరు గొప్ప అని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ ఇద్దరి మాట ఆ ఇద్దరికే వదిలేస్తాను. గంజి పెట్టిన బల్ల మీద ఏడేసి బంతులు నిజంగా సంపాదించుకున్నవాళ్లు లోకంలో ఇద్దరే ఉన్నారు. ఆ బల్లకు ఇస్త్రీ చేసినవాడు మాత్రం ఒక్కడే.