కోటలో ఆడిన అబద్ధం

భూపాలపల్లి దగ్గరి ఒక చెరువు మధ్య, దీవి మీద పాతకాలపు కోట శిథిలాలున్నాయి. నిరుడు నేనూ మా ఆవిడా పడవెక్కి చూడబోయాం. కూలిన బురుజు కింద ఒక ముసలమ్మ రాయికి పసుపు పూస్తోంది. ఫోటోకు అడ్డమని, "అవ్వా, ఈడ పూజలు చెయ్యొద్దు," అన్నాను.

"నువ్వు సర్కారు సారువా బిడ్డా?" అంది భయంగా.

"అవును," అన్నాను. నిజానికి నాది జనగామలో బట్టల దుకాణం.

"తప్పయింది సారూ, మళ్ల రాను," అంటూ కొట్టని కొబ్బరికాయను కొంగులో కట్టుకుంది. మేం ఫోటోలు దిగాం.

తిరుగు పడవలో ఆమె పూజకు తెచ్చిన బెల్లం అందరికీ పంచింది. సారునని ముందు నాకే పెట్టింది. నిజం చెప్పలేక, మా ఆవిడ ముఖం చూడలేక, తల వంచుకుని తిన్నాను.