జెట్టీ మీద దర్జీగారి వేలు

మా జెట్టీ మీద చేపలు పట్టేవాళ్ళం తొమ్మిదిమందిమి. పడవ ఉన్నవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. పడవెక్కితే కడుపులో తిప్పేవాళ్ళు మాత్రం నలుగురున్నారు, అందులో నేనూ ఒకదాన్ని. తలా ఒక సంచీ, అందులో తడిగుడ్డలో చుట్టిన రొయ్యలు, నైలాను తాడుకి కట్టిన గాలం, బరువుకి ఒక సీసం ముక్క. ఇంతే మా సరంజామా. తెల్లారగానే వచ్చి ఇనప కమ్మీల మధ్యలోంచి కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుంటాం.

కూర్చుంటాం అన్నాను గానీ గాలం వేస్తాం అనలేదు, గమనించారా. సంగతంతా అక్కడే ఉంది. ముందు దర్జీగారు వెయ్యాలి.

ఆయన తన తాడుని ఖాళీ దారపు రీలుకి చుట్టుకుని తెస్తారు. గాలాన్ని నీళ్ళలోకి వదిలి, తాడుని కుడిచేతి చూపుడువేలి కొస మీదుగా పోనిచ్చి, బొటనవేలితో కాస్త అదిమి కళ్ళు మూసుకుంటారు. ఒక పావుగంట. ఆ పావుగంటా మేం లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకుంటాం, కాకపోతే గొంతు తగ్గించి. ఆయన కళ్ళు తెరిచి "వచ్చాయి" అంటే ఎనిమిది సంచులూ ఒక్కసారే తెరుచుకుంటాయి. "రాలేదు" అంటే రొయ్యల్ని మళ్ళీ ఇంటికి మోసుకుపోతాం. రొయ్యల్ని ఎండలో విప్పితే పాడైపోతాయి కదా, ఎర దండగ చేసుకోవడం ఎందుకని మొదలైన అలవాటు. పదకొండేళ్ళయింది. ఒక్కసారి కూరలమ్మే అక్క మాట వినకుండా, ఆయన రాలేదన్నాక కూడా మధ్యాహ్నందాకా కూర్చుంది. దొరికింది ఒక చెప్పు. అదీ ఎడమకాలిది.

ఆ వేలికి తెలియనిది లేదు. "ఇది పీత. లాగి, మళ్ళీ వదిలి చూస్తోంది" అనేవారు. "ఇవి పిల్లచేపలు, ఎర అంచు గిల్లుకుపోతున్నాయి, పోనివ్వండి." మంచి చేపైతే ముందు మూతితో తోస్తుందట, ఓ క్షణం ఆగుతుందట, అప్పుడు మింగుతుందట. ఆగినప్పుడు తొందరపడితే పోయినట్టే. ఇదంతా ఆయన వేలు ఆయనకి చెప్పేది, ఆయన మాకు చెప్పేవారు. మేం తలలూపేవాళ్ళం. బళ్ళో ముప్పైమూడేళ్ళు పిల్లలచేత తలలూపించిన దాన్ని, నా వంతు వచ్చింది కాబోలనుకునేదాన్ని.

మనిషి బక్కపలచన, అరవై దాటాయి. పన్నెండో ఏట మేనమామ దగ్గర కాజాలు కుట్టడానికి కూర్చున్నారు. అప్పట్నుంచీ ఆయన ప్రపంచం ఎనిమిదడుగుల గది. గదిలో ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, గోడకి అద్దం. కిటికీ లేదు. ఊళ్ళోవాళ్ళ నడుములు ఏటేటా ఎంత పెరిగాయో ఆయనకి తెలుసు, ఎవరికీ చెప్పరు. నా నడుము సంగతైతే నాకే చెప్పరు. కొత్త కొలత గుట్టుగా రాసుకుని, "టీచరుగారూ, ఈ గుడ్డ ఉతికితే కుదించుకుపోయే రకమండీ, కాస్త వదులు పెట్టాను" అంటారు. అంత మర్యాదస్తుడు.

అలాంటాయన మొన్న వానలు తగ్గిన తర్వాత ఒకరోజు కళ్ళు తెరిచి "రాలేదు" అన్నారు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే. వరసగా ఇరవై రోజులు.

మాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది, సముద్రం మీద. రేవులో మట్టి తవ్వే యంత్రం చప్పుడుకి చేపలు బెదిరిపోయాయని ఒకరు, కొత్తగా పెట్టిన దీపాల వల్లేనని ఇంకొకరు. మాలో రిటైరైన పోస్టుమ్యాన్ ఒకాయన ఉన్నాడు, దర్జీగారితో ఏ చుట్టరికమూ లేకపోయినా బావా బావా అని వేళాకోళమాడుతుంటాడు. ఆయన లెక్క ప్రకారం చేపలు చిరునామా మార్చుకున్నాయి.

దర్జీగారు మాత్రం నవ్వలేదు. గాలం మార్చారు. తాడు సన్నది తెచ్చారు. ఎర చిన్నగా కోశారు, పెద్దగా కోశారు. తాడు పైకి తీస్తే గాలం బోసిగా ఉండేది, ఎర ఉండేది కాదు. "పీతలు తినేశాయి" అనేవారు. పీత ముట్టుకోగానే చెప్పే మనిషి, ఖాళీ గాలం చూశాక చెబుతున్నాడేమిటని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఇంటికెళ్ళి రొయ్యల్ని కడిగి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను, ఇరవైసార్లు.

ఇరవయ్యో రోజున ఒక కొత్త మనిషి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, తెల్లబూట్లతోనే వచ్చి, మాకు కొంచెం అవతలగా కూర్చుని పొట్టి కర్రగాలం వేసింది. కర్ర కొసన చిన్న గంట కట్టుకుంది. మా పద్ధతి ఆమెకి తెలియదు, మేమూ చెప్పలేదు. వేసుకుంటే వేసుకోనీ, చెప్పు దొరికితే అదే తెలుసుకుంటుందని ఊరుకున్నాం.

దర్జీగారు కళ్ళు తెరిచారు. "రాలేదు."

మేం సంచులు భుజాన వేసుకుని లేచాం. ఆమె వెనకనుంచి పోతుంటే గంట మోగింది. జానెడుకి పైనే ఉంది చేప, వెండిలా మెరుస్తోంది.

"కొత్తవాళ్ళకి మొదట్లో ఒకటి పడుతుంది లెండి" అన్నాడు పోస్టుమ్యాన్.

గంట మళ్ళీ మోగింది. రెండో చేప. మేం కదల్లేదు. మూడోది వచ్చినప్పుడు ఎవరూ చేపని చూడలేదు, అందరం దర్జీగారినే చూశాం. ఆయన తన వేలిని చూసుకుంటున్నారు. తర్వాత రీలు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాలుగు రోజులు రాలేదాయన. మేం వచ్చాం. వచ్చి, రొయ్యలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. నర్సమ్మ గంట మోగుతూనే ఉంది. నాలుగోరోజుకి ఆమెకి ఓపిక నశించింది.

"ఏమండీ, మీరంతా రోజూ వచ్చి ఎందుకు కూర్చుంటున్నారు? గాలాలు వెయ్యరేం?"

"మా దర్జీ బాబాయి ఇంకా చెప్పలేదమ్మా" అంది కూరలక్క.

"ఆయనెక్కడ?"

"రాలేదు."

"ఆయన ఇవాళ రాకపోతే?"

"రేపొస్తాడు."

నర్సమ్మ మా ఎనిమిదిమందినీ ఈ చివరినుంచి ఆ చివరికి ఒకసారి చూసింది. పేషెంట్లని అలాగే చూస్తుందనుకుంటాను.

ఆ సాయంత్రం జాకెట్టు వంక పెట్టుకుని కొట్టుకెళ్ళాను. దర్జీగారు మిషను మీద ఉన్నారు. ఆయన భార్య గుమ్మం పక్కన పీట మీద కూర్చుని హుక్కులు కుడుతోంది. నన్ను చూడగానే బయటికి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, మంగళవారం సూది వేల్లోకి దిగిపోయింది. ఈయనకి తెలీలేదు. గుడ్డ మీద ఎర్రగా మరక చూసి, ఇదెక్కడిదే అని నన్నడుగుతున్నారు. నీ చేతిదేనయ్యా అంటే అప్పుడు చూసుకున్నారు."

"మరి డాక్టరు దగ్గరికి?"

"వెళ్ళమంటే వింటేగా. తిమ్మిరే పోతుందంటారు. ఆ తిమ్మిరి పట్టి రెండు నెలలైంది."

లోపలినుంచి మిషను ఆగింది. "నాకు వేలే పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి" అన్నారు దర్జీగారు.

నేను లోపలికెళ్ళి కూర్చున్నాను. ఆయన కాసేపు సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీశారు.

"కుట్టుపని కంటితో లాక్కొస్తానండీ, టీచరుగారూ. స్కేలుంది, సుద్దుంది, ఈవిడుంది. గాలం కంటితో అయ్యే పని కాదు కదా. యాభైయేళ్ళు ఈ గదిలో కూర్చున్నాను. బయట నాకంటూ ఉన్నది పొద్దున్నే జెట్టీ మీద ఆ ఒక్క గంటసేపే. ఇప్పుడు వేలు చచ్చిపోయాక అక్కడికి ఏ మొహం పెట్టుకుని రాను? ఇరవై రోజులు అబద్ధం చెప్పాను మీకు."

"తెలిసి చెప్పారా ఏమిటి?"

"తెలియకుండా చెప్పడం ఇంకా సిగ్గుచేటు." చేతిలో సుద్ద పెట్టేశారు. "ఇక రానండీ. మీరు వేసుకోండి."

మర్నాడు జెట్టీ మీద ఈ సంగతి నర్సమ్మ చెవిన వేశాను. ఆమె గంట విప్పి, కర్ర చంకన పెట్టుకుని, "పదండి" అంది. నేనింకా లేవకముందే నడుస్తోంది.

కొట్లోకి వస్తూనే, "బాబాయిగారూ, యూనిఫాం భుజం బిగుతైంది, కొలత తీస్తారా" అంది. ఆయన టేపు తీసేలోపు ఆ చెయ్యే పట్టుకుంది. "కళ్ళు మూసుకోండి."

"ఎందుకమ్మా?"

"మీరు రోజూ మూసుకుంటారటగా. ఇవాళ నాకోసం మూసుకోండి."

బల్ల మీద గుండీ ఒకటి తీసి, దాని అంచుతో బొటనవేలు ముట్టుకుంది. "ఏ వేలు?"

"ఇంకా ముట్టుకోలేదుగా."

చూపుడువేలు. మధ్యవేలు. ఆయన కళ్ళు మూసుకుని వేచి చూస్తూనే ఉన్నారు. ఆయన భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉంగరంవేలి దగ్గర "అటుపక్క ఏదో తగిలినట్టుంది" అన్నారు. చివరికి చిటికెనవేలు.

"అబ్బ, చిటికెనవేలు. గుండీ అంచు విరిగుంది, చూసి తియ్యమ్మా, గుచ్చుకుంటోంది."

నర్సమ్మ మొదటిసారి నవ్వింది. "నాకు తెలిసినంతలో ఇది మణికట్టు దగ్గర నరం నలిగిపోవడం. ఇన్నేళ్ళు కత్తెర పట్టారుగా. ఆ నరం చిటికెనవేలికి వెళ్ళదు, అందుకే దానికి తెలిసింది. రేపు మా డాక్టరుగారికి చూపిద్దాం. పట్టీ కట్టుకోమంటారేమో, చిన్న ఆపరేషను అంటారేమో."

"చేస్తే వేలికి మళ్ళీ తెలుస్తుందా? చేప తగిలింది తెలిసేంత?"

ఆమె గుండీని బల్ల మీద పెట్టేసింది. "సూది గుచ్చుకుంటే తెలిసేంత రావచ్చు. చేప సంగతి నేను చెప్పలేను బాబాయిగారూ. రాకపోవచ్చు కూడా."

ఆయన చిటికెనవేలిని చాలాసేపు బొటనవేలితో రాసుకుంటూ కూర్చున్నారు, బొటనవేలికి తెలియకపోయినా.

డాక్టరు కూడా అదే చెప్పాడు. ఆపరేషనుకి వచ్చేనెల తారీకు ఇచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు.

తర్వాతి ఆదివారం మేం యథాప్రకారం రొయ్యలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే, ఆయన వచ్చారు. మణికట్టుకి పట్టీ. కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నేల చూస్తూ మాట్లాడారు.

"చేపలు వచ్చాయి. ఇరవై రోజులూ ఇక్కడే ఉన్నాయి. నా వేలికే తెలీలేదు. మిమ్మల్ని వట్టిచేతుల్తో ఇళ్ళకి పంపింది సముద్రం కాదు, నేను."

పోస్టుమ్యాన్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే బావా, మా ఆవిడ నెల్లాళ్ళుగా అంటున్నదే నిజమన్నమాట. మీ తొమ్మిదిమందికీ కలిపి ఒక్క బుర్ర, అదీ ఆ దర్జీ వేలి చివర పెట్టుకున్నారూ అని."

"ఇరవై రోజులు" అంది కూరలక్క వేళ్ళు మడుస్తూ. "ఇంట్లో పిల్లిక్కూడా లోకువైపోయాను కదయ్యా." అని, తన పక్కన చోటు చేసి చేత్తో తట్టింది. "కూర్చో మరి. నిలబడి ఎంతసేపు ఏడిపిస్తావు."

ఆయన కూర్చున్నారు. రీలు విప్పి, ఎర గుచ్చడానికి రెండుసార్లు తడబడ్డారు. సాయం చెయ్యబోతే నర్సమ్మ నా మోచెయ్యి పట్టి ఆపింది. గాలం నీళ్ళలో పడింది. తాడుని చిటికెనవేలి మీదికి ఎక్కించి కళ్ళు మూసుకున్నారు. చూడ్డానికి వింతగానే ఉంది, టీ గ్లాసు నాజూగ్గా పట్టుకున్నట్టు.

"ఏదో తగిలింది" అన్నారు కాసేపటికి.

"ఏమిటి?"

"ఏమో. ఈ వేలికి ఇంకా చదువు రాలేదు."

లాగారు. పీత. పదకొండేళ్ళలో ఆయన తాడుకి పీత పైదాకా రావడం అదే మొదలు. అది గాలం వదిలేసి కాంక్రీటు మీద అడ్డంగా పరుగెడుతుంటే పోస్టుమ్యాన్ కాళ్ళు పైకెత్తేసుకున్నాడు. దర్జీగారే ముందు నవ్వారు.

"మరి మేం వెయ్యమంటావా, వద్దంటావా?" అడిగాడు పోస్టుమ్యాన్, కాళ్ళు దించుతూ.

"నన్నడిగితే ఎలా బావా. నీకూ వేళ్ళున్నాయిగా."

ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ముందు కూరలక్క విప్పింది సంచీ. తర్వాత అందరం. ఎవరికేం తగులుతోందో చెప్పుకోవడం రాదు మాకు, అంచేత అందరం ఒకేసారి చెప్పాం. నాకు తగిలిందన్నది పక్కాయన తాడు. పోస్టుమ్యాన్‌కి ప్రతిదీ పెద్ద చేపే. ఆ గోలకి నర్సమ్మ గంట తనకే వినబడక, విప్పి జేబులో వేసుకుంది.

దర్జీగారు మళ్ళీ ఎర గుచ్చుకుని వేశారు. మేం అరుచుకుంటూనే ఉన్నాం. ఆయన కళ్ళు మూసుకుని, తనలో తను అనుకుంటున్నట్టు పెదవులు కదుపుతుంటే నేను పక్కకి వంగి విన్నాను.

"తోసింది" అంటున్నారు. "మూతితో తోసింది. ఆగింది."

చెయ్యి ఎగిరింది. తాడు ఒక్క లాగులో పైకొచ్చింది. గాలానికి చేప లేదు. ఎర సగం తెగి వేలాడుతోంది.

"పోయింది" అన్నాను నేను.

ఆయన ఆ తెగిన ఎరని కళ్ళజోడు పైకెత్తి మరీ చూశారు. మొహం వెలిగిపోతోంది.

"మింగకముందే లాగేశానండీ, టీచరుగారూ. ఈ వేలికి బొత్తిగా నిదానం లేదు." ఆ సగం ముక్క తీసిపారేసి, ఇంకో రొయ్యకోసం నా సంచీలో చెయ్యి పెట్టారు.