బాబాయి దాచిన రా ఫైళ్ళు

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఫోటో తీయడం ఆయనకు రెప్పపాటు పని. తీసిన ఫోటోను ఏ రా ఫైలుగా దాచాలన్నదే ఇరవై ఏళ్ళుగా తేలలేదు.

రా ఫైలంటే, కెమెరా చూసిన వెలుతురునంతా చుక్క పారబోయకుండా పట్టి ఉంచేది. మనం ఫోన్లలో పంపుకునే జేపెగ్ అలా కాదు, నీడలో ఉన్నదాన్ని ఇదెవరికి కావాలిలే అని వదిలేస్తుంది. అక్కడితో ఆగితే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు? రా ఫైళ్ళలో మళ్ళీ రెండు రకాలు. కెమెరా కంపెనీ సొంత రకం ఒకటి, ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకునే డీఎన్‌జీ ఇంకొకటి. మొదటిది దాస్తే, రేపు ఆ కంపెనీ మూతపడితే గతేమిటి? డీఎన్‌జీలోకి మారిస్తే, దారిలో ఏదైనా జారిపోతే? చివరికి రెండూ దాచేవాడు. మర్నాడు మళ్ళీ మొదటినుంచి ఆలోచించేవాడు.

ఆయన స్టూడియోలో ఎనిమిదేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని. ఇందులో నేను కల్పించింది తక్కువే.

ఒకసారి పాస్‌పోర్టు ఫోటో కోసం ఒక పెద్దాయన వచ్చాడు.

"కంపెనీ రా ఉంచమంటారా, డీఎన్‌జీ చేయమంటారా?" అన్నాడు బాబాయి.

"నాకు ఆరు కాపీలు చాలండీ."

"కాపీలదేముంది, వారంలో అయిపోతాయి. నేను యాభై ఏళ్ళ తర్వాత సంగతి అడుగుతున్నాను."

"అప్పటికి నేనుంటానా?"

"మీరు లేకపోయినా ఫైలుండాలి కదండీ."

పెద్దాయన లేచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పక్కవీధి స్టూడియోకి వెళ్ళిపోయాడు.

పన్ను నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్ళినా అంతే. నోట్లో దూది ఉండగానే ఎక్స్‌రే వైపు వేలు చూపించి, దాని అసలు ఫైలు ఎక్కడ దాస్తున్నారని అడిగాడట. ఆ డాక్టరు ఆ రోజు ఒక సూది ఎక్కువే పొడిచాడని మా పిన్ని నమ్మకం.

పిన్ని బాధ పిన్నిది. స్టూడియో పైనే వాళ్ళ ఇల్లు. బట్టల బీరువాలో మూడు అరలు హార్డ్ డిస్కులే.

"ఇంతకీ వీటిల్లో ఏమున్నాయండీ?"

"మనుషులున్నారు."

"మరి నా బట్టలు కుర్చీ మీద ఎందుకున్నాయి?"

బాబాయి ఆ బట్టలు తీసి జాగ్రత్తగా మంచం మీద పెట్టాడు.

ఒక సోమవారం పొద్దున, దగ్గరి బడిలో గంట కొట్టే ఆయమ్మ స్టూడియోకి వచ్చింది. ఆ బడి గ్రూపు ఫోటోలు పన్నెండేళ్ళుగా మా బాబాయే తీస్తున్నాడు. ఆమె శుక్రవారం రిటైరవుతోంది.

"స్టాఫ్ రూమ్ గోడ మీద రిటైరైన వాళ్ళందరి ఫోటోలూ ఉన్నాయి తమ్ముడూ. అన్నీ పాత గ్రూపు ఫోటోల్లోంచి తీసినవే. నాదీ పెడతామన్నారు గానీ, నేను పడిన ఫోటో ఒక్కటీ లేదంటున్నారు. ఇరవై ఆరేళ్ళు అక్కడే ఉన్నాను, ఉన్నానన్న గుర్తే లేదు."

నిజమే. ఏటా ఆమె వరండా చివర, నీడలో నిలబడేది. ప్రింట్లలో ఆ చోట నల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు.

బాబాయి చెప్పగా పోయినేటి రా ఫైలు తెరిచి నీడను మెల్లగా తేటపరిచాను. ముందు స్తంభం వచ్చింది. తర్వాత గంట. తర్వాత ఏమీ లేదనుకున్న చోటునుంచి ఒక ముఖం పైకి తేలింది. నేను కుర్చీ ముందుకు లాక్కుని దగ్గరగా చూశాను.

ఆ ముఖం ముందు కుర్చీలో ఉన్న హెడ్‌మిస్ట్రెస్ గారి వీపు వైపు నాలుక చాపుతోంది.

అంతకుముందు ఏడాదిది తెరిచాను. తలకు రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టుకుంది. ఆ ముందటిదాంట్లో మెల్లకన్ను. అలా పదకొండేళ్ళు, ఏ రెండూ ఒకలా లేవు.

ఆయమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నువ్వు రాకముందు నన్ను ఫోటోలోకి పిలిచేవారే కాదు. నువ్వు తీసిన మొదటి ఏడాది బుద్ధిగానే నిలబడ్డాను తమ్ముడూ. అందులో మసిబొగ్గులా పడ్డాక, ఇక ఎలా నిలబడితే ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను."

"అయితే మొదటిది తెరువు," అన్నాడు బాబాయి.

తెరుచుకోలేదు. ఆ పాత కెమెరా కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాళ్ళ రా ఫైలును మా కొత్త కంప్యూటర్ గుర్తే పట్టలేదు.

"పోనీలే," అని ఆయమ్మ సంచీ తీసుకుంది.

"కూర్చో అక్కా," అని బాబాయి మెట్లెక్కి బీరువాలోంచి ఇంకో డిస్కు తెచ్చాడు. అందులో డీఎన్‌జీ ఉంది. తెరుచుకుంది. నల్లటి జుట్టుతో, గంట తాడు మీద చెయ్యివేసి, ఆయమ్మ నిండుగా నవ్వుతోంది. ఇరవై ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ చూసి నవ్విన బాబాయికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆమె వెళ్ళాక నాకో సంగతి తట్టింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఏటా ఆ నీడ కాస్త తేటగా చేయమని అడిగేవారు. అక్కడ ఏమీ పడలేదండీ, కుదరదు అని బాబాయి ఏటా చెప్పేవాడు.

"అబద్ధమాడావా బాబాయ్?"

"తేటగా చేసిస్తే ఆయమ్మ ఉద్యోగం ఉండేదా?"

"పోనీ, చెరిపేసి ఉండొచ్చుగా."

"ఏదో ఒకనాడు వచ్చి అడిగితే ఏమివ్వను? మొదటి ఏడాది తొందరలో చూసుకోకుండా నల్లగా ఇచ్చేశాను. ఆ తప్పు నాదే కదమ్మా."

శుక్రవారానికి ఆ నవ్వు గోడెక్కింది. అదే రోజు గ్రూపు ఫోటోలో బాబాయి ఆయమ్మను ఎండ తగిలేలా మధ్య కుర్చీలో, హెడ్‌మిస్ట్రెస్ గారి పక్కన కూర్చోబెట్టాడు. ఆయమ్మ భయభక్తులతో బిగుసుకుపోయింది.

బాబాయి కెమెరా పక్కనుంచి తల బయటపెట్టి, ఆమెకు మాత్రమే కనబడేలా నాలుక చాపి, మీట నొక్కాడు.

ప్రింటు చూసి హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు. "అందరం బాగానే ఉన్నాం, ఆయమ్మ ఎందుకండీ ఇంతలా పగలబడి నవ్వుతోంది?"

"ఈసారి వెలుతురు బాగా పడిందండీ," అన్నాడు బాబాయి.