పెరటిని పాటతో నింపిన వెర్నా

వెర్నా కూబియాక్ చేతిసంచిలో లిప్‌స్టిక్ పక్కనే స్క్రూడ్రైవర్ ఉంటుంది. మిల్వాకీలో మా దక్షిణపు వీధుల్లో నాణెం వేస్తే పాడే పాత జూక్‌బాక్సులు ఇంకా పాడుతున్నాయంటే ఆవిడ వల్లే. ఆ మాట ఆవిడే చెబుతుంది. ఎవరూ కాదనరు.

క్లెమ్ బారులోని జూక్‌బాక్సు ఆవిడ పెళ్లికి ముందునుంచీ ఆవిడ చేతిలోదే. నేను ఆ బారు వంటగదిలో చేపలు వేయిస్తూ దాని పాటలతోనే పొద్దు కొలిచేదాన్ని. దాని లోపలి గాజు వాల్వులు వెలిగేటప్పుడు నారింజ రంగు కాస్త నా గిన్నెలదాకా పాకేది.

ఆ జూన్ శనివారం మా చర్చివాళ్ల పిక్నిక్ బారు పెరట్లో. పాట బయటికి వినిపించాలని క్లెమ్ స్తంభాలకు నాలుగు స్పీకర్లు బిగించాడు. జూక్‌బాక్సు వెనక ఉన్న ఒకే జత మరలకు నాలుగింటి తీగలూ కట్టేశాడు. పాట మాత్రం జ్వరంతో దుప్పటి కింద మూలుగుతున్నట్టు వచ్చింది.

"దీని పని అయిపోయింది. సోమవారం కొత్త డిజిటల్ పెట్టె వస్తోంది. ఇది షెడ్డులోకే," అన్నాడు.

నేను వెర్నాకు ఫోన్ చేశాను. జుట్టుకు రోలర్లతోనే వచ్చేసింది.

"ముందు ఆపు! వాల్వులు ఎలా ఎర్రగా కాలుతున్నాయో చూడు. ఎవరు కట్టార్రా ఈ తీగలు?"

"నేనే. ఏటా క్రిస్మస్ దీపాలు కట్టేది నేనే కదా?"

"అందుకేగా సగం వీధికి కరెంటు పోయేది! ఒక్క గ్లాసులో నాలుగు స్ట్రాలు పెట్టి ఒకేసారి లాగితే గ్లాసేం చేస్తుంది?"

పెట్టె ఆపాక, ఆవిడ స్పీకర్లను రెండేసి ఒకదాని వెనక ఒకటి కలిపింది. తర్వాత ఆ రెండు జంటలనూ పక్కపక్కన పెట్టెకు బిగించింది. బరువు ఇంకా తగ్గాలని పెట్టె లోపలి స్పీకరు తీగ విప్పేసింది.

"స్పీకరేదీ తగిలించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యకు. పెట్టె లోపలే మాడిపోతుంది."

"ఈ ముసలిది పెరడంతా నింపుతుందంటావా?"

"కంచె దగ్గరున్న మీ స్టాషా అత్తకు వినపడకపోతే, నేనే దీన్ని షెడ్డులోకి తోస్తాను."

స్టాషా అత్తకు తొంభై దాటాయి. వినికిడి యంత్రం ఎప్పుడూ జేబులోనే. మా దగ్గర పెద్దావిడ లేచి అడుగు వెయ్యందే ఎవరూ పోల్కా నాట్యం ఆడరు.

వెర్నా మీట నొక్కింది. వాల్వులు తీరిగ్గా కళ్లు తెరిచాయి. అకార్డియన్ పాట గుమ్మం దాటి, గడ్డిమీదుగా, బల్లల కిందుగా, వెచ్చటి గాలిలా కంచెదాకా నడిచింది. సాసేజ్ నములుతున్న అత్త దవడ ఆగింది.

"ఒరేయ్ క్లెమ్! మూతి తుడుచుకుని రా. నన్ను ఆడించేదెవరు?"

రెండు చుట్లు తిరిగేసరికి పెరడంతా పోల్కాయే. వెర్నా పక్కనుంచి పోతూ క్లెమ్ రొప్పాడు.

"సోమవారం వాళ్లను రావద్దని చెప్తాలే."

"ఇప్పుడే చెప్పు."

"ఆడుతున్నానే తల్లీ!"

ఆవిడ అప్పటికే కొత్త పెట్టె వాళ్లకు ఫోన్ కలిపి, వాడితో పాటే తిరుగుతూ వాడి చెవికి ఆనించింది.

"వద్దండీ... పెట్టె అక్కర్లేదు... ఏంటీ? వినపడ్డం లేదా? మా పాట అంత గట్టిగా ఉందండీ!"