స్లాబు మీద మంద

2023 ఏప్రిల్. రాచర్ల మండలంలో ఒక చిన్న పల్లె. పదిగంటలకే ఎండ మాడు పగలగొడుతున్న రోజులు. నేను మార్కాపురంలో ఆర్కిటెక్టుని. అప్పటికి పన్నెండేళ్ళుగా ఇళ్ళకు ప్లాన్లు గీసి ఇస్తున్నాను. కట్టేది వేరే కాంట్రాక్టర్లు. గోడ చెమ్మగిల్లిందనో, మెట్లు ఎత్తయ్యాయనో ఇంటివాళ్ళు వచ్చి మొత్తుకుంటే నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. "అది కాంట్రాక్టర్ని అడగండి." అదెంత హాయైన మాటో చేజారాక గానీ తెలియలేదు.

ఎందుకు చేజారిందంటే, ఆ ఏడాదే నేను డిజైన్-బిల్డ్ మొదలుపెట్టాను. అంటే గీసేదీ, కట్టేదీ ఒకరే. నా ప్లాన్లను మేస్త్రీలు చెడగొడుతున్నారని విసుగెత్తి, ఇల్లంటే ఏమిటో నేనే కట్టి చూపిస్తానని బయల్దేరాను. మా నాయన విని, "కొరివితో తల గోక్కుంటావా?" అన్నారు. నేను వినిపించుకోలేదు.

మొదటి పని తిరపతయ్య, పోలమ్మల ఇల్లు. భార్యాభర్తలిద్దరూ గొర్రెల కాపరులు. అరవై గొర్రెలు, నాలుగు మేకలు, వాటి పిల్లలు. పాత కొట్టం పడగొట్టి, పక్కనే రేకుల కింద ఉంటున్నారు. రెండు గదులు, వరండా, బయటినుంచి మేడమెట్లు, అంతే ప్లాను. ఫిబ్రవరిలో అగ్రిమెంటు రాసుకునేటప్పుడు నేనొక షరతు గట్టిగా పెట్టాను. పని అయ్యేదాకా ఇంటివాళ్ళు ఊళ్ళోనే ఉండాలి. నేను చూసిన గొడవల్లో సగం ఇంటాయన లేనప్పుడు ఎవరో ఏదో నిర్ణయించడం వల్ల వచ్చినవే మరి. తిరపతయ్య తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతూ, "శివరాత్రి పోయినాక మేము..." అన్నాడు. "అట్లా కుదరదు" అన్నాను. ఆయన పోలమ్మ వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

ఏప్రిల్‌లో స్లాబు పోశాం. పోస్తే అయిపోదు. కాంక్రీటు ఎండకు ఎండి గట్టిపడదు, తడిలో ఉంటేనే గట్టిపడుతుంది. అలా తడిపి ఉంచడాన్ని క్యూరింగ్ అంటాం. స్లాబు మీద చిన్న గట్లు వేసి, వరిమడుల్లాగా మడులు కట్టి నీళ్ళు నిలిపితే అది పాండింగ్. నా ప్రతి ప్లాను కింద ఓ మూల సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: "పద్నాలుగు రోజులు పాండింగ్ చేయవలెను." పన్నెండేళ్ళుగా ఒక ప్లాను నుంచి తీసి ఇంకో ప్లానుకు అతికిస్తున్న వాక్యం అది. ఆ నీళ్ళు ఎక్కడినుంచి రావాలని నేనెప్పుడూ ఆలోచించలేదు. రాయడం వరకే నా పని.

ఇప్పుడు తేవడం కూడా నా పనే అయింది. స్లాబు పోసిన మర్నాడే ఊరి బోరు చేతులెత్తేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పక్క ఊరి నుంచి రోజుకొక ట్యాంకరు మాట్లాడి, పొద్దున్నే నేరుగా స్లాబు మీదికి పైపుతో నీళ్ళు పెట్టించాను. మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే మడుల్లో చుక్క లేదు. స్లాబు తెల్లగా ఎండిపోయి ఉంది. ఒక మూల వెంట్రుకంత పగుళ్ళు కూడా కనిపించాయి. ఆ స్లాబు పాడైతే వాళ్ళకు ఇల్లు లేదు, నాకు పేరు లేదు.

కాశీం మేస్త్రిని పట్టుకున్నాను. కంభం మనిషి, పనిమంతుడు. "అల్లా తోడు మేడం, పొద్దున నిండుగా పెట్టిచ్చినా. ఎండ తాగేస్తా ఉంది" అన్నాడు.

"రెండంగుళాల నీళ్ళు మధ్యాహ్నానికల్లా తాగేసే ఎండ ఎక్కడైనా ఉందా మేస్త్రీ?"

ఆయన ఆకాశం వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు.

ఐదో రోజు ఎవరికీ చెప్పకుండా తెల్లారేసరికి బయల్దేరి వెళ్ళాను. ట్యాంకరు అప్పుడే వెళ్ళిపోయినట్టుంది. చూద్దును కదా, మేకపోతు ఒకటి నా మెట్లెక్కుతోంది. దాని వెనకే గొర్రెలు, గొర్రెల వెనక పిల్లలు. పైన పోలమ్మ కర్ర పట్టుకొని స్లాబు అంచున నిలబడి, ఏదీ కింద పడకుండా అదిలిస్తోంది. మందంతా మడుల్లో మూతులు పెట్టి తాగుతోంది. గిట్టలు తగిలి గట్లు తెగిపోయి, మిగిలిన నీళ్ళు గోడల మీదుగా కారిపోతున్నాయి. కాశీం మేస్త్రి కింద ఇటుకల మీద కూర్చొని తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి బీడీ పారేసి, "నోరులేని జీవాలు గదా మేడం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్ల కింది నుంచే అరిచాను. "ఏంది పెద్దమ్మా ఇది? ఇంటి కప్పనుకున్నావా, కుడితి తొట్టనుకున్నావా?"

"కింద జీవాల తొట్టి ఎండి మూడు దినాలాయె. నీళ్ళు మీదుండాయి. మందను మీదికి తోలకుండా ఏం జేయమంటావు?"

"స్లాబు ఎండితే పగులుతుంది. పగిలితే ఇల్లు ఉరుస్తుంది. నీ ఇల్లే కదా!"

"ఇల్లు ఉరిస్తే తడుస్తాం పాపా. ఇవి ఎండితే సస్తాయి."

"అవి సిమెంటు నీళ్ళు. సున్నపు నీళ్ళ లాంటివి. తాగితే కడుపులు చెడిపోతాయి."

"నిన్నటి నుంచి రెండు పిల్లలు పారుకుంటానే ఉండాయి."

"తెలిసి కూడా తాపుతున్నావా? ఎండాకాలం ఈ ఊళ్ళో నీళ్ళుండవని నీకు తెలియదా? ఇన్ని జీవాలను ఇక్కడెందుకు పెట్టుకున్నారు? ప్రతి ఏడూ ఏం చేస్తారు?"

పోలమ్మ కర్ర కిందికి దించింది. "ప్రతి ఏడూ ఈడ ఉంటామా? శివరాత్రి పోతానే మంద తోలుకొని కంభం చెరువు కిందికి పోతాం. రైతుల చేలల్లో ఎరువుకు మంద కడతాం. వానలకు తిరిగొస్తాం. ఈ ఏడు నువ్వే గదా ఊరు కదలొద్దంటివి. కాయితం మీద వేలిముద్రలు గూడా వేపిచ్చుకుంటివి."

"శివరాత్రి పోయినాక మేము..." అని తిరపతయ్య మొదలుపెట్టిన మాట రెండు నెలల తర్వాత, స్లాబు అంచు మీద నుంచి పూర్తయింది. అలవాటు కొద్దీ తప్పు ఎవరి మీదికి నెట్టాలా అని వెతుక్కున్నాను. కాంట్రాక్టర్ని అడగండి అందామంటే కాంట్రాక్టర్ని నేనే. షరతు పెట్టిందీ, మడులు కట్టించిందీ నేనే. నీళ్ళన్నీ మీదికి పంపి కింది తొట్టిని మరిచిపోయిందీ నేనే. మేస్త్రీలు నా ప్లాన్లు చెడగొడతారని వాగిన నోరు నాదే.

ట్యాంకరును మళ్ళీ పిలిపించి ముందు తొట్టి నింపించాను. మార్కాపురం దుకాణాల నుంచి పాత గోనెసంచులు తెప్పించి, స్లాబంతా పరిచి తడిపించాం. గోనె తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మడులకు పట్టినన్ని నీళ్ళు పట్టవు. ఇదేమీ కొత్త విద్య కాదు. కాలేజీలో చదువుకున్నదే. అతికించిన వాక్యం ముందు చదువుకున్నది గుర్తుకు రాలేదు.

మర్నాడు మందను చిన్న లారీలో కంభం పంపించే ఏర్పాటు చేశాను. లారీ వచ్చేలోపు, పారుకుంటున్న రెండు పిల్లల్లో ఒకటి చచ్చిపోయింది. పోలమ్మ దాన్ని గోనెలో చుట్టి పక్కన పెట్టి, "ఎండకు పోయిందిలే పాపా" అంది. ఎండకు పోయిందో నా స్లాబు నీళ్ళకు పోయిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

లారీ ఎక్కబోతూ ఆగి, "మేము లేకపోతే తలుపులు, కిటికీలు ఎవుర్ని అడుగుతావు?" అంది.

"ఫోనుంది కదా పెద్దమ్మా" అన్నాను. అనేశాక సిగ్గేసింది. ఫోను ఫిబ్రవరిలో కూడా ఉంది.

పగుళ్ళు పైపైనే ఉన్నాయి. గ్రౌటు, అంటే పల్చటి సిమెంటు జావ, పోసి పూడ్చాం. వాళ్ళు తిరిగొచ్చాక మొదటి గట్టివానకు పోలమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఒక్క సుక్క ఉరవలా." నేను సంతోషించాను. మిగిలిన ఆ రెండో పిల్ల ఎట్లా ఉందని కూడా అడిగాను. మందతో పాటు మేతకు పోతా ఉందని చెప్పింది.

ఇప్పటికీ గీసేదీ కట్టేదీ నేనే. విసుగు తగ్గలేదు, పెరిగింది. కానీ ఆ సన్న అక్షరాల వాక్యం ఇప్పుడు నా ప్లాన్ల మీద లేదు. ఊరికి వెళ్ళి నీళ్ళు చూశాకే, ఆ ఊరికి సరిపడేది ఏదో అది రాస్తాను. మొన్న చంద్రశేఖరపురం దగ్గర ఒక పెద్దాయన తన ఇంటి పని మాట్లాడుతూ, తలగుడ్డ నలుపుతూ, "కార్తీకం వస్తే మేము..." అని నా మొహం చూసి ఆగిపోయాడు.

నేను పెన్సిలు కింద పెట్టి, "చెప్పు పెదనాయనా, కార్తీకం వస్తే?" అన్నాను.