మా ఆయన వాన, మా బావగారి వాన

మా ఆయనకు మనుషులను చూస్తే అసూయ లేదు. ఉన్నదల్లా మా బావగారి ఊళ్లో పడే వాన మీదే.

అక్కను కొండల వైపు ఇచ్చారు, నన్ను మెట్ట వైపు. తోడల్లుళ్లిద్దరిదీ ఒకటే పని. పెరట్లో పాతిన, గరాటు మూత ఉన్న వాన డబ్బాలోని నీళ్లను పొద్దున్నే గాజుగొట్టంలో పోసి కొలిచి, వాతావరణ ఆఫీసుకు ఫోన్‌లో చెప్పాలి. దేశంలో ఏ వైపు వాన పెరుగుతోందో, ఏ వైపు తగ్గుతోందో ఏళ్ల తరబడి అక్కడ చూసుకుంటారు.

"ఏం తమ్ముడూ, డబ్బాలో ఏమన్నా పడిందా, సాలీడు కాపురం పెట్టిందా?" అని బావగారు ఫోన్ చేసేవారు.

"పడింది అన్నయ్యా. మీరు తుమ్మితే పడేంత."

ఫోన్ పెట్టేశాక మా ఆయన మొహం మాడ్చుకునేవారు. కొండల్లో వాన తగ్గుతోందని తెలిసిన రోజు లోలోపల సంతోషించి, వెంటనే సిగ్గుపడి, అన్నం సరిగా తినలేదు. మాకు తగ్గలేదు, తీరు మారింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కాలమంతా జల్లులు పడేవి. ఇప్పుడు నెలల తరబడి ఎండబెట్టి, ఒక్కరోజే కుమ్మరించి పోతోంది.

చినుకు లేని రోజు కూడా ఆయన మూత తీసి చూసేవారు.

"పడలేదని తెలుస్తూనే ఉందిగా?" అనేదాన్ని.

"చూసి చెబితేనే సున్నా. చెప్పకపోతే ఖాళీ. ఒక్క ఖాళీ పడితే ఇన్నేళ్ల వరస తెగుతుంది. నేను పోయినా అది తెగకూడదు."

లేవగానే నాకంటే ముందు ఆ డబ్బా మొహం చూసేవారు. నాకది సవతే.

మా ఆయన జబ్బు ముదిరిందని అక్కా బావగారూ వచ్చి ఉండగానే ఆయన పోయారు. ఆ తెల్లవారుజామున వాన పడింది. ఇంటినిండా జనం. పెరట్లో మూత తీసిన చప్పుడైంది. బావగారు కళ్లు తుడుచుకుంటూ గాజుగొట్టం పైకెత్తి చూస్తున్నారు. అంత ఏడుపులోనూ నా కడుపు మండింది. ఆ చప్పుడు మా ఆయనది.

తర్వాత కూడా రోజూ బావగారే చూశారు. "చూసేవాళ్లు లేకపోతే డబ్బా పీకేస్తారటమ్మా. పక్కింటి డ్రైవరుకు అప్పజెప్పి వెళతాను" అన్నారు.

ఆ మాటకు నిద్ర పట్టలేదు. అంకెలు నాకూ వచ్చు. మర్నాడు బావగారికంటే ముందే లేచి మూత తీశాను. లోపల పొడిగా ఉంది.

"జరుగమ్మా, నేను చూస్తాను" అన్నారు వెనక నుంచి.

"మీ డబ్బా మీరు చూసుకోండి బావగారూ. ఇది మాది."

ఆయన నవ్వబోయి ఆగారు. "అక్కడ చూసేవాళ్లెవరూ లేరుగా. నేనిక్కడికి వచ్చిన రోజు నుంచీ నా వరసలో ఖాళీయే."

మూత పెట్టి, లోపలికి వెళ్లి ఆఫీసుకు ఫోన్ చేశాను.

"సున్నా" అన్నాను.

"ఎవరండీ మాట్లాడేది?"

"ఇంటావిడను. రేపట్నుంచీ నేనే చెబుతాను."

బావగారికి ఆ మధ్యాహ్నం బస్సుకే సంచి సర్దిపెట్టాను.